రిపోర్టులో రాని నొప్పి

తాడేపల్లిగూడెం,
23 జూన్ 2025

అన్నయ్యగారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. పెట్టకపోతే దానికి కూడా చుట్టాలందరినీ పిలిచి పంచాయితీ పెడతారేమోనని పెడుతున్నాను.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని మీరు నవ్వుకుంటారు. మొన్న ఫోన్ చేసినప్పుడు మీరు స్పీకర్ పెట్టారు. నేను "నడుం దగ్గర్నుంచి మెడ దాకా కాలిపోతోంది అన్నయ్యా" అంటుంటే రొయ్యల మేత బస్తాలు దింపేవాళ్లు నవ్వడం నాకు వినపడింది. ఇక మీతో ఫోన్లో మాట్లాడను. మీ మేత వ్యాను ఎలాగూ వారానికి రెండుసార్లు గూడెం వస్తుంది కాబట్టి డ్రైవరు బాలస్వామి చేతికి ఇస్తాను. బాలస్వామి నయం, వినడు, నవ్వడు.

సంగతికి వస్తాను. అమ్మ తుంటి విరిగి నెలన్నర అయింది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక చుట్టాలు చూడ్డానికి కలిదిండి వచ్చారట. నల్లజర్ల పిన్ని "కుసుమ ఏదిరా, కన్నకూతురు కనపడదేం" అని అడిగిందట. అప్పుడు మీరు బీరువాలోంచి నా ఫైలు తెచ్చి అందరి మధ్యలో విప్పారట. రక్తం, థైరాయిడ్, కీళ్లవాతం పరీక్ష, వెన్నుపూస స్కానింగు, అన్నిటికీ లామినేషన్. "చూడండి, అన్నీ నార్మలే. మా చెల్లికి జబ్బు లేదండి, ఒళ్లు వంగదు, అంతే" అన్నారట. పిన్నే ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ తనూ నవ్వింది.

నన్ను ఆ పరీక్షలన్నిటికీ ఏలూరు, విజయవాడ తిప్పింది మీరే. ఆ సాయం మర్చిపోలేదు. కానీ ఆ కాగితాలు నాకు వైద్యం చేయించడానికని అనుకున్నాను, నా మీద సాక్ష్యానికని అనుకోలేదు.

నాకు ఫైబ్రోమయాల్జియా అని ఏలూరులో కీళ్ల డాక్టరు గారు చెప్పి రెండేళ్లయింది. నేను అమ్మని ఎత్తలేను, పక్క మార్చలేను, నీళ్లు పోయలేను. ప్రతి ఆదివారం వచ్చి కూర్చోగలను. అన్నం కలిపి తినిపించగలను. తల దువ్వగలను. అది చాలదా? ముందు మీరు పిన్నికి ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోండి.

కుసుమ


కలిదిండి,
28 జూన్

చెల్లెమ్మ కుసుమకి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి, కానీ నీ ఉత్తరం చదివాక నా బీపీ క్షేమంగా లేదు.

పరీక్షలు నేను చేయించాను అన్నావు. ఆయ్, చేయించాను. ఎందుకు? నువ్వు నొప్పి అన్నావు కాబట్టి. ముప్పై ఏళ్లుగా నేను ల్యాబు రిపోర్టు చూడకుండా ఒక్క రొయ్యపిల్లని చెరువులో వదల్లేదు. రిపోర్టులో జబ్బు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాకు తెలిసిన ధర్మం అది. తొమ్మిది రిపోర్టులు. తొమ్మిదీ నార్మల్. పదోది నీ నోటి మాట. దేన్ని నమ్మమంటావు?

పోనీ నీ మాటే నమ్ముదాం. మే నెలాఖర్న ఏలూరులో మీ ఆడపడుచు గృహప్రవేశం ఫొటోలు వాట్సాప్‌లో చూశాం. పట్టుచీర, పూలు, చేతిలో పాలగిన్నె, నవ్వు. అప్పటికి అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆడపడుచు ఇంటికి వంగే నడుం అమ్మ మంచం దగ్గర వంగదా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వాటం.

అమ్మమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు అమ్మ మనిద్దరినీ మామ్మ దగ్గర వదిలి ఆకివీడు వెళ్లి ఎనిమిది నెలలు చేసింది. కూతురు ఉండగా కోడలి చేత చేయించుకోవడం మన ఇళ్లలో ఉందా? ఇక్కడ మీ వదిన పొద్దున్న ఐదుకి లేస్తే మళ్లీ నడుం వాల్చేది రాత్రి పదికే. పక్క మార్చడం, బెడ్‌పాన్, నీళ్లు, బట్టలు, పైగా ఇంటి వంట. సీతారత్నం ఒక్క మాట అనదు. అనదు కాబట్టి నాకే సిగ్గేస్తోంది.

అందుకని చెబుతున్నాను. స్కూలుకి మూడు నెలలు సెలవు పెట్టి వచ్చి చేస్తే రా. చుట్టపు చూపుగా ఆదివారం వచ్చి తల దువ్వి, కాఫీ తాగి వెళ్లేట్టయితే రావద్దు. నేను ఫైలు విప్పిన రోజు అమ్మ మాత్రల మత్తులో ఉంది, నీ సంగతి వినలేదు. స్కూల్లో డ్యూటీలు ఉన్నాయని చెప్పాను. నీ పరువు నేనే కాపాడాను.

ఎండలు తగ్గలేదు. చెరువుల్లో నీళ్లు కాగిపోతున్నాయి. నీ మేనల్లుడు సూర్యతేజ బెంగుళూరులో ఉద్యోగంలో చేరాడు.

మీ అన్నయ్య,
అబ్బాయిరాజు


తాడేపల్లిగూడెం,
2 జూలై

అన్నయ్యగారికి,

సూర్యతేజ ఉద్యోగం సంగతి విని సంతోషం. ఉత్తరం మొత్తంలో సంతోషించే మాట అదొక్కటే.

గృహప్రవేశం ఫొటో గురించి ముందు. ఆ నవ్వు ఫొటో తీసేవాడు "అండీ, కొంచెం నవ్వండి" అంటే నవ్వింది. ఆ పాలగిన్నె గుమ్మం దాటించి పక్కవాళ్ల చేతిలో పెట్టేశాను. తర్వాత నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాను. దువ్వెన పట్టుకోలేకపోతే మా పిల్ల ఇందుజ నాకు జడ వేసింది. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు, మీకెలా తెలుస్తుంది?

ఇప్పుడు మీకొక పాఠం చెబుతాను. పదో తరగతి పిల్లలకి నాడీవ్యవస్థ చెప్పే టీచర్ని, మీకు చెప్పలేనా?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు నరాల మీదుగా వెన్నుపాముకి, అక్కణ్ణించి మెదడుకి పోతుంది. మెదడు "నొప్పి" అంటేనే నొప్పి. దారిలో ఆ కబురుని తగ్గించే రసాయనాలు ఉంటాయి, పెంచేవీ ఉంటాయి. సెరోటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనేవి తగ్గించే పని చేస్తాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆ పని సరిగ్గా జరగదని అంటున్నారు. నొప్పి కబురు మోసే సబ్‌స్టెన్స్ పి అనే పదార్థం ఈ జబ్బున్నవాళ్ల వెన్ను ద్రవంలో ఎక్కువ ఉందని కొన్ని పరిశోధనల్లో చూశారట. పెళ్లిపందిట్లో మైకుసెట్టు వాల్యూమ్ ఎవడో పెంచి తిప్పే మరను విరగ్గొట్టి పోయినట్టు ఉంటుంది నా ఒళ్లు. చీర కుచ్చిళ్లు తగిలినా మోతే. నిద్రలో కూడా లోతైన నిద్ర పట్టదు, తెల్లారి లేచేసరికి రాత్రంతా రోకలితో దంచినట్టు ఉంటుంది. కుటుంబాల్లో వస్తుందని కూడా గమనించారు.

ఇందులో ఏది రక్త పరీక్షలో కనపడుతుంది చెప్పండి. స్కానింగు ఎముకని చూస్తుంది. రక్త పరీక్ష వాపుని, థైరాయిడ్‌ని చూస్తుంది. నార్మల్ అంటే ఆ జబ్బులు లేవని అర్థం, నొప్పి లేదని కాదు. ఇది రావడానికి ఇన్ని కారణాలున్నా అన్నీ పూర్తిగా తేలలేదని కూడా డాక్టరు గారు చెప్పారు. తేలనిదాన్ని తేలలేదని చెప్పారు కాబట్టే నేను ఆవిణ్ణి నమ్మాను.

మీ రొయ్యల మాటకే వద్దాం. ల్యాబువాడు తెల్లమచ్చ రోగం లేదని రిపోర్టు ఇచ్చాడు. అంత మాత్రాన ఆ రొయ్యకి ఇక ఏ జబ్బూ రాదనా? నిరుడు దక్షిణం చెరువు మంచి రిపోర్టుతోనే పోయింది కదా. అప్పుడు రొయ్యలు నటిస్తున్నాయని అన్నారా?

డాక్టరు గారి చీటీ జిరాక్సు, నేను వేసుకునే మాత్ర పేరు ఇందులో పెడుతున్నాను. చదవండి. అమ్మకి కూడా చదివి వినిపించండి. డ్యూటీలు అన్న అబద్ధం నా పరువు కాపాడదు. కూతురు రాలేదని ఆవిడ రోజూ గుమ్మం వంక చూస్తుంటుంది. నేను కోరేది అమ్మని చూడటం ఒక్కటే. మీ గుమ్మం ఎక్కడానికి మూడు నెలల సెలవు ఎందుకు?

కుసుమ


కలిదిండి,
9 జూలై

చిట్టి చెల్లెలికి,

నీ ఉత్తరం చదివాను. పాఠం నాకు అర్థం కాలేదు, కానీ ఆ చీటీ అర్థమైంది. మన ఊరి ఆర్.ఎం.పి. గారికి చూపించాను. ఆ మాత్ర దేనికిస్తారో ఆయన ఫోన్లో వెతికి చూపించారు. దిగులు జబ్బుకి ఇస్తారట. మనసు బాగోలేనివాళ్లకి.

ముందే చెప్పి ఉంటే నిన్ను అన్నేసి మాటలు అనేవాణ్ణి కాదు కదమ్మా. నేను చెడ్డవాణ్ణి కాను. ఒంట్లో జబ్బు లేకపోవడం, మనసులో ఉండటం అంటే నాకూ తెలుసు. మన వెంకట్రాజు గారి కోడలికి అలాగే ఉండేది.

బావగారికి ఫోన్ చేశాను. దుర్గేష్ గారు పాపం బిత్తరపోయారు. ఆయనకి నువ్వు నరాల మందు అని చెప్పావట. ఇలాంటి మందులు అలవాటైతే వదలవని, కొన్నాళ్లు ఆపి చూడమని చెప్పాను. స్కూలుకి సెలవు పెట్టించి తిప్పమన్నాను. ఇందుజ చదువుకునే పిల్ల, దానికి ఈ సంగతి తెలియనివ్వకండి. రేపు సంబంధాలు చూడాల్సిన పిల్ల. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, ఆర్.ఎం.పి. గారు కూడా ఎవరికీ చెప్పనన్నారు.

నువ్వు రావద్దులే. విశ్రాంతి తీసుకో. అమ్మకి నేను ఏదో ఒకటి చెబుతాను.

నీ మేలు కోరే
అన్నయ్య


తాడేపల్లిగూడెం,
13 జూలై

అబ్బాయిరాజు గారికి,

ఈ ఉత్తరం పక్క మీద పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది మతి చలించడం కాదు, వేళ్లు పట్టు తప్పడం. ముందే చెబుతున్నాను, మళ్లీ ఆర్.ఎం.పి. గారికి చూపిస్తారేమో.

మీ ఫోన్ వచ్చిన సాయంత్రం ఈయన నా మాత్రలు తీసి బీరువా మీద పెట్టేశారు. "మీ అన్నయ్యగారు పెద్దవారు, ఊరికే చెప్పరు కదా" అన్నారు. ఆ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు. మూడో రోజు స్కూల్లో బోర్డు దగ్గర నిలబడి ఉండగా తల తిరిగిపోయింది. తల లోపల కరెంటు కొట్టినట్టు అదుర్లు. పిల్లలు పట్టుకున్నారు. పడి నా తుంటి కూడా విరిగితే మీ ఇంట్లో రెండు మంచాలు వేసేవారా?

డాక్టరు గారికి ఫోన్ చేసి ఈయన చేత మాట్లాడించాను. ఆ మాత్ర దిగులుకీ ఇస్తారు, నరాల దారిలో నొప్పిని తగ్గించడానికీ ఇస్తారు, నాకు ఇచ్చింది నొప్పికి అని ఆవిడ నిదానంగా చెప్పారు. ఈయన "సారీ అండి, సారీ అండి" అని ఆవిడకి చెప్పారు. నాకు ఇంకా చెప్పలేదు. ఒకవేళ నాకు దిగులే ఉందనుకోండి. దిగులుకి మందు వేసుకుంటే తప్పా? రెండు నెలలుగా తల్లి మొహం చూడనివ్వని అన్న ఉంటే ఎవరికి రాదు దిగులు?

నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు జాలి పడ్డారు చూడండి, దీనికి ఒళ్లు మండిపోతోంది. తిట్టే అన్నయ్యకి జవాబు చెప్పగలను. జాలిపడే అన్నయ్య నా మాట అసలు వినడు, పిచ్చిదానితో వాదన ఎందుకని ఊరుకుంటాడు.

ఇదంతా వదిన నూరిపోసిందని నాకు తెలుసు. ఆవిడకి ఇంటి పని బరువైంది, ఆ బరువు దింపుకోడానికి ఆడపడుచు కావాలి. సూటిగా అడగకుండా మీ చేత రాయిస్తోంది.

ఇంకొక్క మాట అడుగుతాను. ఇన్ని ఉత్తరాల్లో కూతురు చేయాలి, కోడలు చేస్తోంది అని రాశారు. కొడుకు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. మీరు రోజూ యాభై కేజీల మేత బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తారు. అమ్మ నలభై ఐదు కేజీలు. మీ చేతుల రిపోర్టు నార్మలే కదా. మీరెందుకు ఎత్తరు?

కుసుమ


కలిదిండి,
16 జూలై

కుసుమకి,

మీ వదిన పేరు ఇంకోసారి ఎత్తకు.

మొదటి రోజు నుంచీ "ఆవిడ చేయలేరండి, పిలవకండి, నేను చూశాను ఆవిడ మెట్లెక్కడం" అని నాతో పోట్లాడింది సీతారత్నమే. వినంది నేను. సోమవారం అమ్మని కుర్చీలోకి మారుస్తుంటే సీతారత్నానికి నడుం పట్టేసింది. నిలబడలేకపోయింది. వాళ్ల తమ్ముడు వచ్చి గణపవరం తీసుకెళ్లాడు. నెల రోజులు బరువు ఎత్తవద్దన్నారు. వెళ్తూ కూడా "కుసుమ గారిని ఏమీ అనకండి" అంది.

మగవాడు తల్లికి బెడ్‌పాన్ పెట్టాలని ఉత్తరంలో రాసిన ఆడపిల్ల మన వంశంలో నువ్వే మొదటిది. నాకు ఇక ఉత్తరాలు రాయకు. బాలస్వామికి కూడా చెప్పాను, తేవద్దని.

అబ్బాయిరాజు


తాడేపల్లిగూడెం,
20 జూలై

అన్నయ్యగారికి,

బాలస్వామి తేనన్నాడు. "రాజుగారు తిడతారండి" అన్నాడు. పోస్టులో వేస్తున్నాను. పోస్టుమాన్‌కి మీరు చెప్పలేరు.

వదినకి ఫోన్ చేశాను. తప్పు నాదే, క్షమించమని అడిగాను. ఆవిడ "ఊరుకోండి, కోపంలో అంటారు" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది. వదిన విషయంలో నాది తప్పు. మీ విషయంలో నేను రాసింది ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

సోమవారం నుంచి అమ్మని ఎవరు లేపుతున్నారు? పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. పడితే మానవు. మార్తమ్మ అని ఏలూరులో రోగుల దగ్గర పనిచేసిన ఆవిడ ఉన్నారు, మా స్కూలు ఆయాకి పెద్దమ్మ. ఇప్పుడు కైకలూరులో ఉంటున్నారు. నంబరు వెనకాల రాశాను. పొద్దుటిపూట వచ్చి స్నానం, బట్టలు చూస్తారు. మిగతా పూటలు మీరే చూడాలి. అమ్మ చంకల కింద చేతులు పెట్టి లాగకండి. ముందు మోకాళ్లు మడిచి, పక్కకి తిప్పి, భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి. ఆపరేషన్ అయిన కాలు రెండో కాలు మీదికి రాకూడదు, మధ్యలో దిండు పెట్టండి. ఫిజియోథెరపీ ఆయన చెప్పిందే రాస్తున్నాను, నాది కాదు.

ఇంతకంటే రాయను. రాయవద్దన్నారు కదా.

కుసుమ


కలిదిండి,
1 ఆగస్టు

చెల్లాయి కుసుమకి,

శ్రావణ శుక్రవారం. ఇంట్లో ఆడవాళ్లు లేరు. నేనే దీపం పెట్టాను. వత్తి మూడుసార్లు ఆరిపోయింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు చించేద్దామనుకున్నాను. అమ్మ పక్క మీద మూలుగుతుంటే చించలేక, వెనకాల ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. మార్తమ్మ గారు వచ్చారు. పొద్దున్న తొమ్మిదికి వెళ్లిపోతారు. ఆ తర్వాత నేనే.

మొదటి రోజు నేను దగ్గరికి వెళ్తే అమ్మ దుప్పటి రెండు చేతులా బిగపట్టుకుని "పో, అవతలకి పో" అని తిట్టింది. కొడుకు ముట్టుకుంటే చచ్చిపోతానంది. నేనూ తిట్టాను. ఇద్దరం అరుచుకున్నాం. చివరికి ఆవిడ కళ్లు మూసుకుంది, నేను మొహం పక్కకి తిప్పుకున్నాను, అలాగే మార్చాను. నాలుగో రోజుకి ఇద్దరికీ అలవాటైంది. వీధిలోంచి ఒకాయన "రాజుగారు, ఇదేమిటండి, మీరా" అన్నాడు. "ఆయ్, నేనేనండి, మీరు వచ్చి కాళ్లు పట్టుకోండి" అన్నాను. మళ్లీ రాలేదు. మేత బస్తా మోయడం సులువు. బస్తాకి నొప్పి పుట్టదు, భయపడుతూ పట్టుకోనక్కర్లేదు. పది రోజులకే నా నడుం, మెడ పీకేస్తున్నాయి. సీతారత్నం రెండు నెలలు ఎలా చేసిందో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

మంగళవారం సాయంత్రం అమ్మకి కాళ్లు పిసుకుతున్నాను. "కుసుమ ఇంకా రాలేదేం" అంది. నాకు విసుగొచ్చి "దానికి ఒళ్లు నొప్పులట, రిపోర్టులో ఏమీ లేదు, అయినా నొప్పులట" అన్నాను. అప్పుడు అమ్మ అంది. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"దానికి చిన్నప్పుడే ఉందిరా. తొమ్మిదో ఏట నుంచీ. బడి నుంచి వచ్చి పిక్కలు పట్టుకుని ఏడ్చేది. చేతులు కూడా నొప్పనేది. ఆడపిల్లకి రోగమని గుమ్మం దాటితే రేపు ఎవడు చేసుకుంటాడు, నోరు మూయించమని మీ మామ్మ అంది. ఏడిస్తే కొట్టాను. కొబ్బరి మట్టతో కొట్టాను. మూడు రోజులు కొడితే నాలుగో రోజు ఏడవడం మానేసింది. నొప్పి పోయిందని నేను అనుకోలేదు. ఏడవడం మానేసింది, అంతే."

నేను పిసకడం ఆపేశాను. "మరి ఆ రోజు అందరి ముందూ నేను ఫైలు తెచ్చినప్పుడు నీకు వినపడలేదా, ఎందుకు చెప్పలేదు" అన్నాను. "వినపడింది. నలుగురిలో ఎలా చెప్పనురా" అంది. అంతే. గోడ వైపు తిరగడానికి ఆవిడ వల్ల కాదు కదా, నన్నే తిప్పమంది. తిప్పాను.

నాకు కోపం వచ్చింది కుసుమా. ఎవరి మీదో తెలియలేదు. నాకు అప్పుడు పదిహేడేళ్లు, ఆ ఇంట్లోనే ఉన్నాను. నువ్వు ఏడ్చినట్టు నాకు గుర్తే లేదు.

నల్లజర్ల పిన్నికి ఫోన్ చేశాను. నేను అన్నది తప్పు పిన్నీ అన్నాను. ఏ మాట అని అడిగింది. ఆవిడకి గుర్తు కూడా లేదు. మొత్తం మళ్లీ చెప్పి, అది తప్పని చెప్పాల్సి వచ్చింది. బావగారికి కూడా చేశాను.

నువ్వు రా. ఎప్పుడు రాగలిగితే అప్పుడు. సెలవూ వద్దు, ఏమీ వద్దు.

అన్నయ్య


తాడేపల్లిగూడెం,
4 ఆగస్టు

అన్నయ్యా,

మీ ఉత్తరం స్కూల్లో చదివాను. మధ్యాహ్నం పీరియడ్ ఉంది, వెళ్లలేదు. స్టాఫ్ రూంలో కూర్చున్నాను.

మీరు పిన్నికి చెప్పారు. ఈయనకి చెప్పారు. అమ్మని మోస్తున్నారు. మీ మీద నాకున్న కోపంలో సగం పోయింది. మిగతా సగం కొన్నాళ్లు ఉంటుంది, తొందరపెట్టకండి.

నాకు గుర్తుంది. మట్ట గుర్తుంది, వసారా గుర్తుంది. కానీ నేను అబద్ధం ఆడినందుకు కొట్టిందని అనుకున్నాను. ముప్పై ఏడేళ్లు అలాగే అనుకున్నాను. నిజంగా నొప్పి ఉంటే అమ్మ కొడుతుందా, కాబట్టి నాది నొప్పి కాదు, బద్ధకం అనుకున్నాను. పురిటికి ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా నొప్పులు వస్తున్నాయని నర్సుకి చెప్పడానికి సిగ్గుపడ్డాను. రెండేళ్ల క్రితం డాక్టరు గారు పేరు పెట్టి చెప్పే దాకా నన్ను నేనే నమ్మలేదు. మీరు తొమ్మిది రిపోర్టులు చూసి నమ్మలేదు. నేను ఒక్క మట్ట చూసి నమ్మలేదు.

ఆవిడకి తెలుసు. అన్నిటికంటే అది నాకు మింగుడు పడటం లేదు. తెలియక కొట్టినా బాగుండేది. మీరు ఫైలు విప్పిన రోజు ఆవిడ ఆ మంచం మీదే ఉంది. పిన్ని నవ్వింది, విన్నది. "దానికి ఉందిరా" అన్న రెండు ముక్కలు నోట్లోంచి రాలేదు. విరిగింది తుంటి, నోరు కాదు. నా పెళ్లయి పాతికేళ్లు దాటింది, ఇంకా ఎవరు చేసుకోరని దాచింది?

ఇందుజ సంగతి మీకు రాయలేదు. నిరుడు వర్షాకాలంలో అది కాళ్లు లాగేస్తున్నాయి అమ్మా అంది. నేను కసిరాను. హోంవర్కు ఎగ్గొట్టడానికా అన్నాను. కొట్టలేదు, ఆ ఒక్కటే తేడా. ఆ తర్వాత అది మళ్లీ అనలేదు. దానికి నొప్పి పోయిందని ఏడాది పాటు హాయిగా ఉన్నాను. మొన్న మీ ఉత్తరం పట్టుకుని ఇంటికి వచ్చి అడిగాను. "ఉంది, నువ్వు కోప్పడతావని చెప్పలేదు" అంది. నా కూతురు, పదిహేనేళ్లు. పిల్లలు ఎదిగేటప్పుడు వచ్చే మామూలు నొప్పే కావచ్చు. ఏమిటో డాక్టరు గారే చూస్తారు, శనివారం తీసుకెళ్తున్నాను.

ఆదివారం కలిదిండి వస్తున్నాం, నేను, ఇందుజ. నేను అమ్మకి సేవ చేయడానికి రావడం లేదు. తల దువ్వుతానో లేదో కూడా తెలియదు. మీకు చెప్పిన మాట ఆవిడ నాకు చెప్పాలి. నా మొహం చూసి చెప్పాలి, ఇందుజ పక్కన నిలబడి వింటుండగా చెప్పాలి. నలుగురిలో ఎలా అంటే, ఆ నలుగురూ మేమే అని చెప్పండి.

లేదు, ఏమీ చెప్పకండి. మేము వస్తున్నామని కూడా చెప్పకండి. కొట్టేటప్పుడు ఆవిడ నాకు ముందుగా చెప్పి కొట్టలేదు.

కుసుమ